ముఖచిత్రం కింద పేర్లు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అమెరికాలో షాంటిలీ అనే ఊళ్లో ఉండే కృష్ణారావు గారు కలంతోనే ఆ పని కానిచ్చేశారు. తను పుట్టిన ఊరి మీద నవల రాశారు. "మా ఊళ్లో ఎక్కువ తక్కువలు లేవు, అందరం ఒకే కుటుంబం" అన్న మాట అధ్యాయానికోసారి తగులుతుంది. అచ్చుకి ముందు చదివిన నలుగురిలో ఇద్దరు నవ్వారని తెలిసి ఆయన మనసు చివుక్కుమంది. అప్పట్నుంచి సాక్ష్యం కోసం వెతుకుతున్నారు.

దొరికింది. ఒకప్పుడు ఆ ఊరొచ్చిన అమెరికా వ్యవసాయ నిపుణుడెవరో తీసిన ఫొటో, ఒక యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో. అందులో కృష్ణారావు గారి తాతగారు. వచ్చే నెలే ఆవిష్కరణ. ఈ ఫొటో అట్ట మీద పడితే నవ్వినవాళ్ల నోళ్లు మూతపడతాయి.

కవర్ డిజైన్ చేసేది దేదీప్య, మాస్టర్స్ చదువుతున్న పిల్ల. పాపం, నవల మొత్తం చదివింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"అంకుల్, మూడో చాప్టర్‌లో ఊరంతా ఒకే పంక్తిలో భోంచేస్తారు కదా. ఈ ఫొటోలో కుర్చీ ఒక్కటే ఉందేంటి?"

"పెద్దాయన కదమ్మా."

"మిగతావాళ్లు కండువాలు నడుముకి చుట్టుకుని అంత దూరంగా నిలబడ్డారే?"

"ఫొటోగ్రాఫర్ అడ్జస్ట్ చేసుంటాడు."

"తాతగారికి గొడుగు పట్టినాయన మాత్రం ఎండలో ఉన్నాడు."

"అది అభిమానం. ఈ రోజుల్లో దొరకదు."

"అయితే కింద ఆయన పేరు కూడా వేద్దాం అంకుల్. ఏం పేరు?"

కృష్ణారావు గారికి ఆ పేరు తెలియదు. ఒకే కుటుంబమన్నాక పేరు తెలియకపోతే ఎలా? వెంటనే ఫొటో పంపి, విజయవాడలో ఉన్న అక్కయ్య ధనమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆవిడకు ఎనభై దాటినా జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

ధనమ్మ మురిసిపోయింది. "తాతయ్య పక్కన మన ఎద్దురా, నందన్న. నా చేత్తో పెడితే తప్ప తవుడు ముట్టేది కాదు. అది పోయిననాడు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు."

"గొడుగు పట్టినతనెవరు అక్కయ్యా?"

"వాడా? రోజూ ఉండేవాడు. పేరు... ఏదో ఉండే ఉంటుందిలే."

దేదీప్య కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"రాయమ్మా. ఎడమ నుంచి: మా తాతగారు, నందన్న, కుటుంబసభ్యుల్లాంటి గ్రామస్థులు."