సీమజాలి వద్దు

డాక్టర్ చలపతిరావు మనుషుల డాక్టరు కాదు, పశువుల డాక్టరు అంతకన్నా కాదు. చెట్ల మీద చదివి డాక్టరైనవాడు. డెబ్బయ్యేడులో అనంతపురం జిల్లాను పచ్చగా చేసిపారేస్తానని కోస్తా నుంచి వచ్చాడు. ఆయన రాకముందు ఇక్కడ చెట్టనేదే లేనట్టు, మా తాతలందరూ ఎండలో నిలబడి ఆయన కోసం ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోయినట్టు మాట్లాడేవాడు. జీపు దిగితే ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చేతిరుమాలు. మట్టిని బాగుచేయడానికి వచ్చిన పెద్దమనిషి, మట్టిలో కాలు పెట్టాలంటే ఆచితూచి పెట్టేవాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

నేను ఆయన దగ్గర ఫీల్డు అసిస్టెంటుని. పేరు వెంకటరాముడు, సొంతూరు గార్లదిన్నె. ఆయన సంచి మోయాలి. ఆయన చెప్పింది రాయాలి. మా జనం మాట ఆయనకు తెలియకపోతే విప్పి చెప్పాలి. మోయడం, రాయడం బాగానే చేశాను. విప్పి చెప్పడమే, చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆయన్ను తిట్టడం నాకు ఇష్టమే, తిడతాను కూడా. కానీ ఈ కథలో తిట్లు ఆయన ఒక్కడికే చాలవు.

గుమ్మఘట్ట అవతల ఒక పల్లెలో, బడి పంచలో మీటింగు పెట్టాం. చెట్లు నాటే పని దొరుకుతుందని ఊరంతా వచ్చింది. డాక్టరుగారు సంచిలోంచి ఒక ముళ్ళకొమ్మ తీశాడు. దానికి పసుప్పచ్చటి కాయలు వేలాడుతున్నాయి.

"ఇది నీళ్ళు అడగదు. ఎరువు అడగదు. కాపలా అడగదు. అయిదేళ్ళలో మీ గుట్టలన్నీ పచ్చగా ఉంటాయి" అన్నాడు.

ఊరి పెద్దలందరూ తానా అంటే తందానా అని తలలూపారు. ఆయన చంద్రుడి మీద వేరుశనగ వేద్దామన్నా ఊపేవాళ్ళే, కూలి ఇస్తే.

వెనక నుంచి మారెక్క లేచి వచ్చింది. మారెక్క ఆ ఊరి గొర్రెలకాపరి. మొగుడు పోయాక ఎనభై గొర్రెల మందను ఒక్కతే మేపుతోంది. ఎండాకాలం రైతులు ఆమె మందను తమ చేలల్లో పెట్టించుకునేవాళ్ళు. వారం రోజులు గొర్రెలు చేలో పడుకున్నాయంటే ఆ పెంట, ఆ ఉచ్చ నేలకు రెండేళ్ళ బలం. అందుకు బదులుగా ఆమెకు జొన్నలో రాగులో కొలిచేవాళ్ళు. ఆమె బతుకంతా ఆ మందతోనే.

మారెక్క ఆ కొమ్మను డాక్టరుగారి చేతిలోంచి అడక్కుండానే తీసుకుంది. ఒక ఆకు తుంచి తన వెంట వచ్చిన పొట్టేలు మూతికి పెట్టింది. అది మొహం తిప్పుకుంది. కాయ పెట్టింది. కరకరా నమిలేసి ఇంకోదాని కోసం ఆమె చెయ్యి నాకింది.

"చూశారా! మేత కూడానూ!" అన్నాడు డాక్టరుగారు, చప్పట్లు కొట్టినంత పనిచేసి.

"మేత కాదు సామీ, మోసం" అంది మారెక్క. "ఆకు తినదు, కాయ తింటాది. మా జాలి ఇత్తనం వంక గట్టున నేను ఎట్ల ఏస్తాననుకున్నావు? కాయలు గొర్రెలకు పెట్టి, ఆ పెంటికలు తీస్కపోయి సల్లుతా. వట్టి ఇత్తనం మొలవదు. గొర్రె కడుపులో తిరిగొచ్చిందే మొలుస్తాది. ఇది గూడా జాలే. బళ్ళారి దావలో సూసినా. ఇది తిని నా గొర్రెలు రైతుల సేన్లలో పండుకుంటే, నేను ఎరువు ఏస్తాండానా, ముండ్లు ఇత్తుతాండానా? వద్దు సామీ. మాకు సీమజాలి వద్దు."

ఇంత మాటా ఆమె చెబుతుంటే డాక్టరుగారు మెడ తుడుచుకుంటున్నాడు. ఆఖరి ముక్క ఒక్కటే చెవిన పడింది. మా వైపు జాలి అంటే తుమ్మ. సీమజాలి అంటే పరదేశం నుంచి వచ్చిన తుమ్మ, సీమచింత మాదిరి. ఆయన కోస్తా మనిషి. ఆయనకు జాలి అంటే అయ్యోపాపం అనడం. సీమ అంటే రాయలసీమ.

"ఆహా!" అన్నాడు. కళ్ళలో నిజంగా నీళ్ళు తిరిగాయి. "విన్నావా వెంకట్రాముడూ? సీమ మీద జాలి వద్దంటోంది! ఏం ఆత్మాభిమానం! రాసుకో, రాసుకో!"

జనం పగలబడి నవ్వారు. తన మాటకు సంతోషించి నవ్వారనుకుని ఆయన కూడా నవ్వాడు. అప్పుడు నేను లేచి, "అయ్యా, ఆమె చెట్టు వద్దంటోంది" అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ నెలలో ఆయన బల్ల మీద ఉంది. అందుకని ఆయన చెప్పిందే గుండ్రటి అక్షరాలతో రాశాను: 'సీమ మీద జాలి వద్దు, ఈ చెట్లు కావాలి అని గొర్రెలకాపరి మారెక్క గ్రామస్థుల తరఫున కోరినది.' కింద నా సంతకం పెట్టి, ఆమె బొటనవేలికి సిరా పూశాను.

"ఏం రాసినావప్పా?" అని అడిగింది.

"నువ్వు చెప్పిందే" అన్నాను.

మనవాడే, గార్లదిన్నె పిల్లోడే అనుకుని వేలు ఒత్తింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గొర్రెలు కాసేవాళ్ళు కూడా నమ్ముతారు. డాక్టరుగారు ఆ తీర్మానానికి అద్దం పటం కట్టించి పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

చెట్టు ఆయన చెప్పినట్టే నీళ్ళు అడగలేదు, కాపలా అడగలేదు. అసలు ఎవర్నీ ఏమీ అడక్కుండానే గుట్ట దిగింది, వంక దాటింది, చేలల్లోకి వచ్చి కూర్చుంది. ఎద్దుల గిట్టల్లో ముళ్ళు, మనుషుల కాళ్ళలో చీము. నరికితే ఒకటికి నాలుగు పిలకలు. తంగేడు, వెంపలి బతికిన చోట ఇంకేదీ బతకకుండా చేసింది. ఎనభై నాలుగులో డాక్టరుగారు ఒక నివేదిక అచ్చువేశాడు. మూడేళ్ళు పరిశోధన చేసి, బోలెడు గీతలు గీసి, ఆయన కనిపెట్టింది ఏమిటయ్యా అంటే, ఈ విత్తనం గొర్రె కడుపులో తిరిగొస్తే బాగా మొలుస్తుందట! ఆ పుస్తకం మా ఆఫీసుకు వచ్చిన రోజు నాకు నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. ఆయనకు శాలువా కప్పి, ప్రమోషనిచ్చి హైదరాబాదు పంపారు.

ఎనభై ఆరు ఎండాకాలం. ఆ చెట్లు ఎంతమేర పాకాయో చూసి రమ్మని నన్నే మళ్ళీ ఆ పల్లెకు పంపారు. అప్పటికి నేను సూపర్‌వైజర్ని. చేతిలో గొడుగు కూడా ఉంది.

మారెక్క ఊరిబయట బండ మీద కనిపించింది. రాళ్ళ దొడ్డిలో గొర్రెలు. లెక్కపెడితే ఇరవై మూడు.

"మిగతావేమైనాయి?" అన్నాను.

"అమ్మినా. రెండేండ్లాయె, ఎవురూ మందను సేన్లోకి రానీరు. ముండ్లు నీ గొర్రెలే తెచ్చె అంటారు. ఈ ఎండాకాలం గూడా రానీకుంటే ఇవి గూడా అమ్మేసి బెంగుళూరికి మట్టి మోసేదానికి పోవల్ల" అంది. తిట్టలేదు. తిడితే నాకు కొంచెం బాగుండేది.

దొడ్డి పక్కన ఎనిమిది చదును రాళ్ళు వరసగా పరిచి ఉన్నాయి. మొదటి రాయి మీద పిడికెడు సీమజాలి గింజలు. రెండో దాని మీద కొంచెం తక్కువ. అట్లా తగ్గుతూ తగ్గుతూ ఏడో రాయి మీద రెండు గింజలు. ఎనిమిదోది ఖాళీ.

"దినానికి ఒగ రాయి" అంది. "మందను ఈడ కట్టేసి, కాయ ముట్టనీకుండా జమ్మి రొట్ట కొట్టి ఏస్తాండా. యే దినం పెంటికలు ఆ దినం నలిపి సూసినా. ఎనిమిదో దినానికి ఇత్తనం ల్యా. ఇంగ ఎవురి సేన్లో పెట్టినా ముండ్లు మొలవవు."

డాక్టరుగారి నివేదికలో విత్తనం మొలుస్తుందని ఉంది. మొలవకుండా ఏం చేయాలో ఎక్కడా లేదు. నేను ఆ రాళ్ళ ముందు గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"హనుమంతరాయుడిని అడిగినా. ఐదెకరాలు బీడుండాది. నా మాట ఇనడు. 'చెట్టు కావాలని ఏలిముద్ర ఏసింది నువ్వే గదా' అంటాడు. ఆ పొద్దు మీటింగులో ఆయప్ప లేడు. నవ్వినోళ్ళకేమో ఇప్పుడు ఒగరికీ జ్ఞాపకం ల్యా! నువ్వు వచ్చి ఒగే మాట సెప్పప్పా. మారెక్క వద్దనింది, నేనే తప్పు రాసినా అని."

సూపర్‌వైజరు వచ్చి ఒక రైతు ముందు తప్పు రాశానని ఒప్పుకోవడమా! ఊరంతా తెలిస్తే, ఆఫీసుకు తెలిస్తే? "మాటెందుకు మారెక్కా, కాగితం రాసిస్తా. గవర్నమెంటు కాగితమంటే ఎవడూ కాదనడు" అన్నాను.

"కాగితంతోనే గదప్పా నేను సెడింది" అంది.

వినలేదు. ఆ బండ మీదే కూర్చుని రాశాను: 'ఈ మందను పరీక్షించడమైనది. ఇందులో విత్తన దోషం లేదు.' సంతకం పెట్టి, సంచిలోంచి గుండ్రటి సీలు తీసి గుద్దాను. పరీక్షించింది నేనే అన్నట్టు! చలపతిరావుకు నేనేమీ తీసిపోలేదు.

సాయంత్రం మందను తోలుకుని ముగ్గురం, అంటే నేను, ఆమె, నా కాగితం, హనుమంతరాయుడి చేని దగ్గరికి పోయాం. ఆయన గట్టు మీద సీమజాలి పిలకలు నరుకుతున్నాడు. చేతులు మోచేతుల దాకా గీరుకుపోయి ఉన్నాయి. కాగితం తీసుకుని, ఎనిమిదో తరగతి చదివిన మనిషి కాబట్టి, నిదానంగా మొత్తం చదివాడు.

"ఈ సంతకం ఎవురిది?"

"నాదే."

"పంచాయతీ పటంలో ఉండేది గూడా ఇదే సంతకం గదా?"

"అవును" అన్నాను.

ఆయన కాగితం మడిచి నా జేబులో పెట్టాడు. "ఏమప్పా, దీన్ని నమ్మి ఒగసారి గుట్టంతా పాడాయె. ఇప్పుడు సేను గూడానా? ఈ సంతకం ఉండే గొర్రె నా సేన్లోకి రాదు. మారెక్కా, తోలుకోని పో."

కాగితం లేకుండా పోయి ఉంటే ఆయన ఇంకోసారి ఆలోచించి ఉండేవాడేమో. ఆ దారి కూడా నేనే మూశాను. మారెక్క నా వైపు చూడనైనా లేదు. 'హేయ్' అని కట్టె ఆడించి మందను వెనక్కి మళ్ళించింది. ఇరవై మూడు గొర్రెలు, తలలు వంచుకుని, నా ముందు నుంచే తిరిగి పోతున్నాయి.

"రాయుడప్పా, నిలబడు" అన్నాను. ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా నేర్చుకున్న భాష ఎక్కడికో పోయింది. "ఆ పొద్దు ఆ యమ్మ వద్దనింది. పొట్టేలుకు ఒగ కాయ పెట్టి సూపిచ్చి, నోరు తెరిచి సీమజాలి వద్దనింది. నేను కావాలని రాసినా."

హనుమంతరాయుడు కొడవలి దించాడు. "కావాలనా?"

ఆ మాటకు రెండు అర్థాలు. రెండూ నిజమే.

"కావాలనే" అన్నాను.

ఆయన పక్కకు తిరిగి ఉమ్మాడు. తర్వాత మంద నడిచిన దారిలో వంగి గుప్పెడు పెంటికలు ఏరుకున్నాడు. అరచేతిలో ఒక్కొక్కటే నలిపి, ఊదిఊది చూశాడు. మట్టీ గడ్డీ తప్ప ఏమీ లేదు. ఇంకో గుప్పెడు ఏరుకున్నాడు. అదీ అంతే.

"మారెక్కా, మళ్ళించు" అని, చేనికి అడ్డం పెట్టిన కంప లాగి దారి తీశాడు. నాతో మాత్రం, "తప్పని సెప్పేదానికి తొమ్మిదేండ్లు పట్టిందా నీకు? ఆ యమ్మకు ఒగ కాయ నమిలేంత సేపు పట్టింది. పక్కకు పో, గొర్రెలు బెదుర్తాయి" అన్నాడు.

పక్కకు పోయాను. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి చేలోకి దిగాయి. ఆఖరి గొర్రె వెనక వస్తూ మారెక్క నా దగ్గర ఆగింది.

"పంచాయతీ ఆఫీసుకు పోయి ఆ పటం దించు" అంది. "నీ సంతకం నువ్వు పెట్టుకో. నా ఏలిముద్ర నాకు తెచ్చియ్యి."

ఆఫీసు తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, వాళ్ళింటికి పోయి, తెచ్చి తలుపు తీశాను.