అమ్మకు కళ్ళు తిరిగిన రోజు

అద్దె ఇంటి కోసం మదనపల్లెలో నెల రోజులు తిరిగాక ప్రకాష్ బాబుకు తన పేరు విలువ తెలిసొచ్చింది. అన్న పేరు విల్సన్. ఆ పేరు చెబితే గడప దగ్గరే అంతా తెలిసిపోతుంది. ప్రకాష్ బాబు అంటే మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకోవచ్చు. ఇబ్బందల్లా రెండో ప్రశ్నతోనే. "మీరేమోళ్ళప్పా?" అని అడిగేవాళ్ళు. క్రిస్టియన్లమని చెప్పిన మూడు చోట్లా ఇల్లు నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశామన్నారు. వారం తర్వాత చూసినా ఆ గేట్లకు టులెట్ బోర్డులు వేలాడుతూనే ఉన్నాయి.

నాలుగో ఇల్లు మునికృష్ణది. నిమ్మనపల్లె దగ్గర టమేటా పండించే రైతు. పిల్లల చదువుల కోసం టౌన్లో మేడ కట్టుకుని, కింది భాగం అద్దెకిస్తున్నాడు. ఆయన ఆ ప్రశ్న అడగలేదు. "మనుషుల్ని సూడకుండా ఇల్లియ్యనప్పా. ఆదివారం మద్దేనం మీ అమ్మని పిల్సుకొని ఎల్లప్ప హోటలుకు రా. ఆడ సంగటి తింటా మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ ఇల్లు ప్రకాష్ బాబుకు కావాలి. కుప్పం నుంచి బదిలీ అయి వచ్చాడు. తల్లి సుహాసిని పుంగనూరులో కూతురి ఒంటిగది ఇంట్లో, వంటగట్టు పక్కన చాప వేసుకుని పడుకుంటోంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మునికృష్ణ ఇంటి కింది భాగానికి మెట్లెక్కే పని లేదు. పైగా ఆమె ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మిషన్ ఆస్పత్రి అక్కడికి నాలుగడుగులు.

ఆదివారం బయల్దేరేముందు, "బస్టాండు కాడ గొలుసులు తెంపతాండారంట. తీసేసి రామ్మా" అన్నాడు. ఆమె సిలువ ఉన్న సన్నటి గొలుసు తీసి, రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. తినేముందు చేసే ప్రార్థన సంగతి కూడా చెబుదామనుకున్నాడు. కన్నతల్లికి దేవుణ్ణి తలుచుకోవద్దని ఏ కొడుకు మాత్రం ఎలా చెబుతాడు లెండి. చెప్పలేదు. అంతకంటే పెద్ద ఘనకార్యమే చేశాడు.

ఎల్లప్ప హోటల్లో ఆదివారం బెంచీ దొరకడమే గగనం. మునికృష్ణ ముందే వచ్చి మూల బల్ల పట్టి ఉంచాడు. మాట కలిసింది. ఆవిడ మోకాళ్ళ గురించి అడిగి, "కింది ఇల్లే గదమ్మా, నీకు బాగుంటాది" అన్నాడు. ఇల్లు చేతికొచ్చినట్టే అనిపించింది ప్రకాష్ బాబుకు. అంతలో ఆవిర్లు కక్కే సంగటి ముద్దలు, నాటుకోడి పులుసు వచ్చాయి. మునికృష్ణ ముద్దకు గుంట చేసి పులుసు పోసుకున్నాడు.

సుహాసిని చెంగు తల మీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుని తల వంచింది. పెదవులు కదలసాగాయి.

ఆమె ప్రార్థన పొట్టిగా ఉండదు. రాగులు పండించినవాడి నుంచి పొయ్యి ఊదినవాళ్ళ దాకా అందరూ అందులోకి రావాల్సిందే. మునికృష్ణ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. "అమ్మకేమైందప్పా?" అన్నాడు.

ఉన్న మాట ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ప్రకాష్ బాబు కళ్ళకు మూడు గేట్లూ, మూడు బోర్డులూ కనిపించాయి.

"కళ్ళు తిరగతాండాయి అన్నా. షుగరుండాది" అన్నాడు.

మునికృష్ణ మంచివాడు కావడమే ముప్పయింది. ఎంగిలి చేత్తోనే లేచి, "ఎల్లప్పా, చక్కెర నీళ్ళు తే. ఫ్యాను ఇట్లా తిప్పు" అని కేకేశాడు. పక్క బల్లలవాళ్ళు లేచొచ్చారు. ఎవరో గ్లాసెడు నీళ్ళు ఆమె మొహాన చల్లారు. సుహాసిని ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. చుట్టూ మూగిన జనాన్ని చూసింది. "యాలప్పా ఇట్లా..." అనబోయి, కొడుకు మొహం చూసి ఆగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు వాడు.

చెంగుతో మొహం తుడుచుకుంది. "అవునప్పా. కళ్ళు తిరిగినాయి" అంది.

షుగరు పేరైనా ఎరగని మనిషి ఆ చక్కెర నీళ్ళన్నీ తాగింది. ప్రార్థన సగంలో ఉండిపోయింది. ఆమేన్ లేకుండా ఆమె అన్నం ముట్టడం కొడుకు ఎన్నడూ చూడలేదు. ఆ పూట చూశాడు.

"రేపే వచ్చేయండప్పా. ఇట్లాంటి మనిషిని ఒంటిగా యాడ పెడతావు? మేము పైనే ఉంటాము గదా, సూసుకుంటాము" అన్నాడు మునికృష్ణ.

ఆ సాయంత్రం పుంగనూరులో, తలుపు అవతల తల్లి మోకరించి గొణుగుతుంటే విన్నాడు. "ప్రభువా, నేనాడిన అబద్దం క్షమించు" అంటోంది. కొడుకు మాట ఎత్తనే లేదు. వాడి తప్పు కూడా తన పద్దులోనే వేసుకుంది. 

ఇల్లు మారారు. మునికృష్ణ రోజూ కిటికీలోంచి, "షుగరెట్లుండాదమ్మా?" అని అడిగేవాడు. "బాగుండాదప్పా" అనేది ఆమె. గొలుసు రుమాలులోనే ఉండిపోయింది. తీసి వేసుకోమని కొడుకూ అనలేదు. వంటింటి కిటికీ మునికృష్ణ మేడ మెట్ల వైపుకే ఉంది. మూడు వారాలు గడిచాక గానీ అతనికి తట్టలేదు. అమ్మ ఇంట్లో కూడా కళ్ళు మూసుకోకుండానే ముద్ద ఎత్తుతోంది.

తట్టిన ఆదివారమే ఆమెను ఎల్లప్ప హోటలుకు తీసుకెళ్ళాడు. ఆమె ప్రార్థనను ఎక్కడ పోగొట్టాడో అక్కడే తిరిగి ఇవ్వాలనుకున్నాడు. సంగటి వచ్చింది. ఆమె చెయ్యి నేరుగా పళ్ళెంలోకి వెళ్ళింది.

"ప్రార్థన చెయ్యమ్మా" అన్నాడు.

"వద్దులే నాయనా. మళ్ళా నీళ్ళు చల్లతారు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. ప్రకాష్ బాబు తానే తల వంచి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు ఆమె నేర్పిన మాటలు నాలుగైనా నాలుక మీదికి రాకముందే, భుజం మీద చెయ్యి పడింది.

"యాంది సార్, నీకూ కళ్ళు తిరగతాండాయా?" ఎల్లప్ప. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. అందులో మునికృష్ణ వీధివాళ్ళు ఇద్దరున్నారు.

లేదప్పా, ప్రార్థన చేసుకుంటాండా. అనాల్సిన మాట అంతే. దాని కోసమే వచ్చాడు. తల్లి అతని వైపే చూస్తోంది.

"అవునప్పా, రవంత" అన్నాడు.

ఎల్లప్ప పరుగున పోయి చక్కెర నీళ్ళు తెచ్చాడు. ప్రకాష్ బాబు తల ఎత్తకుండా చివరి చుక్క దాకా తాగాడు. సుహాసిని పళ్ళెం అతని దగ్గరికి జరిపింది.

"తిను నాయనా, సల్లారిపోతాండాది" అంది.