ఖాళీ సీటు ఉంటే

"మీ కంపెనీ మునిగిపోతోందటగా," అన్నాడు బెవన్, గుడ్డులో పచ్చసొన చిట్లిందని పళ్లెం వంక అదోలా చూస్తూ. "మునిగేలోపు నాకో టికెట్ పెట్టించు. ఫుట్‌బాల్ ఫైనల్ చూసుకుని అటునుంచటే డార్విన్ పోదామనుకుంటున్నాం. కుర్రాళ్లమంతా, చేపలవేటకి."

కుర్రాళ్లంటే యాభై అయిదు దాటిన నలుగురు. రేలీన్ రొట్టెముక్కలకు వెన్న రాస్తూ "చూస్తాలే" అంది. ఒక డబ్బా బెవన్ పశువుల దొడ్డికి తీసుకెళ్లేది, ఇంకొకటి వెనకింట్లో ఉండే అత్తగారు థెల్మాకి. మూడో డబ్బా లేదు. విమానంలో మిగిలే బిస్కెట్లే ఆమె మధ్యాహ్నం తిండి.

నిన్న సాయంత్రం పబ్బులో విన్నాడట. "మరి నీ ఉద్యోగం సంగతేమిటి రే?" అని అడుగుతాడేమోనని ఆమె కాసేపు ఎదురుచూసింది. బెవన్ టమాటా సాస్ అడిగాడు.

మెల్‌బోర్న్‌కి దక్షిణాన, సముద్రం మధ్యలో ఉన్న హారియర్ దీవికి రోజుకు రెండు విమానాలు. పంతొమ్మిది సీట్లవి. ఒక పెద్ద విమాన సంస్థ పేరు అద్దెకు తెచ్చుకుని ఒక చిన్న కంపెనీ వాటిని నడుపుతోంది. పేరూ, తోకమీది ఎర్రరంగూ పెద్ద కంపెనీవి. రెక్కలూ, చక్రాలూ, రేలీనూ చిన్న కంపెనీవి. తలుపు తాళం తియ్యడం, మనుషుల్నీ పెట్టెల్నీ తూకం వెయ్యడం, ట్యాగులు కట్టడం, సామాను బండి తొయ్యడం, మరుగుదొడ్డి కడగడం అన్నీ ఆమె పనే. కంగారూలకు చిట్టి చెల్లెళ్లలాంటి వల్లబీలు రన్‌వే మీదికి వస్తే పాత ట్రక్కేసుకుని వాటిని తరమడమూ ఆమె పనే. జీతం అయిదు గంటలకి, పని ఎనిమిది గంటలు. అడిగితే మెల్‌బోర్న్‌లో ఉన్న మేనేజర్ ట్రెంట్, "మధ్యలో ఖాళీగా కూర్చుంటావు కదా రే బంగారం" అంటాడు. అతనికి ఇరవై తొమ్మిదేళ్లు.

ఈ ఉద్యోగంలో ఒకే ఒక భోగం ఉంది. సీటు ఖాళీగా ఉంటే, పెద్ద కంపెనీ విమానం ఎక్కడికి వెళ్తే అక్కడికి, నామమాత్రపు ధరకి ఆమె వెళ్లొచ్చు. ఇంట్లోవాళ్లలో ఒకరి పేరు కూడా రాసుకోవచ్చు. పంతొమ్మిదేళ్ల కిందట, చేరిన రోజే, ఆమె బెవన్ పేరు రాసింది. బెవన్ ఏటా ఫైనల్‌కి మెల్‌బోర్న్ వెళ్లాడు. బ్రిస్బేన్‌లో మోటారు రేసులు చూశాడు. పెర్త్‌లో ఎవరిదో రెండో పెళ్లికి వెళ్లి మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. రేలీన్ ఒక్కసారీ వెళ్లలేదు. సెలవులు లేక కాదు. ఒక సెలవు థెల్మా తుంటి విరిగినప్పుడు అయిపోయింది, ఒకటి దూడల అమ్మకానికి, మిగతావి పిల్లల పరీక్షలకీ, పిల్లల పిల్లలకీ. ఎప్పుడైనా ఆశపడి నోరు తెరిస్తే, "మనిద్దరం పోతే అమ్మకి భోజనం ఎవరు పెడతారు?" అనేవాడు బెవన్. ప్రశ్నలో ఇద్దరూ ఉండేవారు. ఆగిపోయేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే. "అయినా రోజూ విమానాల మధ్యే కదా ఉంటావు, నీకింకా ఎక్కడమెందుకు?" అని కూడా అనేవాడు. ఆ మాటకి పక్కనున్నవాళ్లు నవ్వితే ఆమె కూడా నవ్వేది. ఎందుకు నవ్వేదో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు బుగ్గలు మండుతాయి.

ఆ ఉదయం విమానం దిగింది. చూస్తే దాని తోక తెల్లగా ఉంది. ఎర్రరంగు గీకేశారు, కొత్త రంగేదీ వెయ్యలేదు. కంచె అవతల పాలవ్యాను ఆపుకుని ఆ తోకను చూసినవాడు ఒక్కడే. కానీ పది నిమిషాల్లో దీవంతా చూసినట్టే అయింది.

ఫోన్ మోగడం మొదలైంది. "రే, నా కంటి ఆపరేషన్ పద్నాలుగున. విమానం ఉంటుందా, నేను ఇప్పుడే ఈదడం మొదలెట్టాలా?" "రే, పైలట్లకి జీతాలందడం లేదట, పెట్రోలు వాళ్లే పోసుకుంటున్నారట, నిజమేనా?" "రే, బేకరీవాళ్లు విమానానికి బిస్కెట్లివ్వడం మానేశారట. నిజంగా మానేస్తే అవి మా క్లబ్బుకి పంపమని చెప్పవూ?" ప్రతివాళ్లకీ ఆమె ఓపిగ్గా జవాబు చెప్పింది. మధ్యలో ట్రెంట్ ఫోన్ చేశాడు.

"ఎవరడిగినా ఒకటే మాట, రే బంగారం. అంతా బాగానే ఉంది. నవ్వుతూ చెప్పు."

"తోక ఎందుకు తెల్లబడింది ట్రెంట్?"

"రంగులు మారుస్తూంటారు కదా."

"పాతది తీశాక కొత్తది వెయ్యడం మర్చిపోయారా?"

ట్రెంట్ గొంతు తగ్గించాడు. "చూడు, పెద్ద కంపెనీ పేరు నెలాఖరు దాకా మనది. తర్వాతి సంగతి నాకూ తెలీదు. ఈ మాట నీ దగ్గరే ఉంచు."

"మరి స్టాఫ్ టికెట్లు? అవీ నెలాఖరు దాకేనా?"

ట్రెంట్ పకపకా నవ్వాడు. "ఇక్కడ అందరి ఉద్యోగాలూ ఊగుతుంటే నీకు షికారు గుర్తొచ్చిందా?"

"అవును, గుర్తొచ్చింది," అంది రేలీన్.

ఫోన్ పెట్టేశాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. భయపడాలి కదా అనుకుంది. యాభై నాలుగేళ్ల మనిషి, ఈ దీవిలో ఇంకో ఉద్యోగం దొరకడం కష్టం. భయం కోసం లోపల వెతికింది, ఉంది, ఒక మూల చిన్నగా కూర్చుని ఉంది. దాని పక్కనే ఇంకేదో గంతులేస్తోంది. బడికి అనుకోకుండా సెలవిచ్చిన రోజు పిల్లల కాళ్లలో ఉండే సంబరంలాంటిది. పంతొమ్మిదేళ్లుగా ఈ టికెట్ ఎక్కడికీ పోదులే అనుకుంటూ రేపటికి, ఎల్లుండికి, అందరి పనులూ అయ్యాకకి తోసేస్తూ వచ్చింది. ఇప్పుడు దానికో ఆఖరి తేదీ వచ్చింది. ఊళ్లో అందరూ దిగులుపడుతున్న పుకారు తన చెవిలో మాత్రం తియ్యగా, "ఇంకెప్పుడు?" అని అడుగుతున్నట్టుంది. ఎక్కడికి వెళ్లాలో ఆలోచించనక్కర్లేకపోయింది. బ్రూమ్. దేశానికి ఆ చివర, వాయవ్యాన. ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట ముక్కులు ఎర్రగా కమిలిపోయి అక్కణ్నుంచి తిరిగొచ్చి, "నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి రే, ఊరికే వెల్లకిలా పడుకుంటే చాలు, మొయ్యడం సముద్రం పని" అన్నారు. రేలీన్ ముర్రే నది ఒడ్డున పుట్టిన పిల్ల. నడకకంటే ముందు ఈత వచ్చిందనేది వాళ్లమ్మ. పెళ్లయి ఈ దీవికి వచ్చాక, చీలమండ పెడితే ఎముక కొరికే ఈ చల్లటి సముద్రంలో ముప్పై రెండేళ్లుగా ఆమె ఒక్కసారీ మునగలేదు.

సాయంత్రం థెల్మాకి భోజనం తీసుకెళ్లింది. థెల్మాకి ఎనభై రెండు. కాపురానికొచ్చిన మొదటి వారం ఆమె అన్న మాట రేలీన్‌కి ఇంకా గుర్తే: "ఆడది ఇంటిని ఎంత పట్టించుకుంటుందో కర్టెన్ల అంచులు చూస్తే తెలిసిపోతుంది." ఆ తర్వాత ఆరు నెలలు శనివారం శనివారం కర్టెన్లు ఉతికింది.

"అయిపోవచ్చిందటగా మీ విమానాల పని?" అంది థెల్మా, మాంసం ముక్క కోసుకుంటూ.

"అలాగే ఉంది."

"పైనుంచి చూస్తే దీవంతా ఒక్కసారే కనిపిస్తుందటగా?"

"కనిపిస్తుందట."

"అట ఏమిటి? నువ్వు చూడలేదూ?"

"లేదు. మీరు?"

"నేనా! ఉన్ని కత్తిరించే కొట్టంలో నిచ్చెనకంటే పైకి ఎక్కితే ఒట్టు." థెల్మా ఫోర్కు కింద పెట్టింది. "నేను ఎక్కడికైనా వెళ్తానంటే మా ఆయన, ఆవుల పాలెవరు పితుకుతారు అనేవాడు. ఆవులు పోయాయి. ఆయనా పోయాడు. నేనే ఆ మాట పట్టుకుని కూచున్నాను. నిన్నెవరు ఆపారు?"

రేలీన్ చెప్పాలా వద్దా అనుకుంది. చెప్పింది. "అమ్మకి భోజనం ఎవరు పెడతారంటాడు బెవన్."

థెల్మా రేలీన్ మొహంలోకి చూసింది. "అంటే ఇప్పుడు ఆ ఆవు నేనేనన్నమాట," అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. నీళ్లు తాగబోతే పొలమారింది. వీపు నిమురుతూ రేలీన్ కూడా నవ్వింది. ముప్పై రెండేళ్లలో వాళ్లిద్దరూ ఒకే మాటకి ఒకేసారి నవ్వడం అదే మొదలు.

మర్నాడు కౌంటర్లో కూర్చుని, రెండో మనిషి అన్నచోట బెవన్ పేరు తీసేసి థెల్మా పేరు రాసింది.

"అమ్మనా? బ్రూమ్‌కా?" అన్నాడు బెవన్. "ఆమె వయసెంతో తెలుసా నీకు?"

"డాక్టర్‌ని అడిగాను. కాళ్లు వాచకుండా బిగుతు మేజోళ్లు వేసుకోమన్నాడు."

"మరి నా ఫైనల్?"

"టీవీలో వస్తుందిగా."

బెవన్ ఫ్రిజ్ తలుపు తీసి, కాసేపు దాన్లోకి చూసి, మూసేశాడు. ఇదివరకు ఆమె రెండు రోజులు ఆస్పత్రికెళ్లినా, ఏ రోజు తినే డబ్బా మీద ఆ రోజు పేరు రాసి పెట్టేది. ఈసారి ఒక్కటీ పెట్టలేదు. మర్చిపోవడం కాదు, పెట్టలేదు.

కౌంటర్ చూడ్డానికి ఎవరూ దొరక్క మెల్‌బోర్న్ నుంచి ట్రెంట్ స్వయంగా రావలసి వచ్చింది, మెరిసే బూట్లేసుకుని. రేలీన్ అతని చేతిలో ట్రక్కు తాళాలు పెట్టింది. "ఖాళీగా కూర్చునే టైములో వల్లబీల్ని చూసుకో," అంది. థెల్మా టోపీ, మేజోళ్లు, చేతిసంచితో సహా తూకం బల్ల ఎక్కింది. "ఆ అంకె పైకి చదివావంటే చెవి మెలిపెడతాను," అంది ట్రెంట్‌తో. ట్రెంట్ కళ్లు దించుకుని రాసుకున్నాడు.

పుకారు పుణ్యమా అని సగంమంది ప్రయాణాలు మానుకున్నారు. సీట్లు చాలావరకు ఖాళీయే. కంటి ఆపరేషన్ పెద్దాయనా, ఇంకో ముగ్గురూ, వీళ్లిద్దరూ. విమానం కదులుతుంటే కిటికీలోంచి చూశారు. ట్రెంట్ ట్రక్కులో ఒకవైపు పోతున్నాడు, వల్లబీలు తీరిగ్గా ఇంకోవైపు పోతున్నాయి. పైకి లేచాక, కెప్టెన్ డెలీస్ ఎవరూ అడక్కుండానే విమానాన్ని ఒక పక్కకి వంచి దీవి చుట్టూ సగం చుట్టు తిప్పింది.

థెల్మా నుదురు కిటికీకి ఆనించి చాలాసేపు చూసింది. "ఇంతేనా!" అంది. "దీనికోసమా ఇంత గొడవ!"

రేలీన్ తన ఇంటి కప్పు వెతుక్కుంది. కనిపించింది. గోరంత ఉంది. ఆ గోరంత కప్పు కింద ఎన్ని కర్టెన్లు ఉతికింది, ఎన్ని మాటలు మింగింది, ఎన్నిసార్లు తనను తాను సర్దుకుని ఇంకా చిన్న మూలలోకి జరిగింది! కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఆ ఇల్లు అంత చిన్నదని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే అనిపించింది, అంతే. థెల్మా చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. ఎగుడుదిగుడు గాలికి భయపడి పట్టుకుందేమో అనుకుంది రేలీన్. గాలి తగ్గాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

బ్రూమ్‌లో నాలుగోరోజు పదకొండు గంటలకి ట్రెంట్ ఫోన్ చేశాడు. రేలీన్ అప్పుడే నీళ్లలోంచి వచ్చి, జుట్టు పిండుకుంటోంది. నిజంగానే సముద్రం మోసింది. మొదటిరోజు వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటే చెవుల్లోకి నీళ్లొచ్చి లోకం మాట వినిపించడం మానేసింది. అప్పుడు కాసేపు ఏడ్చింది కూడా. ఉప్పునీళ్లలో ఉప్పునీళ్లు, ఎవరికీ తెలియలేదు.

"మూసేశారు రే," అన్నాడు ట్రెంట్. ఈసారి బంగారం లేదు. "పొద్దున్న ఎనిమిదింటికి. విమానాలన్నీ ఆగిపోయాయి. స్టాఫ్ టికెట్లు రద్దు. మీ తిరుగు టికెట్లు కూడా. మీరక్కడ చిక్కుకుపోయారు."

"కంటి ఆపరేషన్‌కి వెళ్లిన పెద్దాయన వెనక్కి వచ్చాడా?"

"నిన్నే వచ్చాడు."

"హమ్మయ్య."

"లాన్సెస్టన్ ఊళ్లోని కంపెనీవాళ్లెవరో సోమవారం నుంచి తమ విమానాలు నడుపుతారట. దీవిలో పని తెలిసినవాళ్లు ఎవరని అడిగారు. నీ నంబరిచ్చాను."

"ఏమని ఇచ్చావు? కౌంటర్ ఆవిడ అనా, మేనేజర్ అనా?"

"రే అని ఇచ్చాను."

"మళ్లీ ఫోన్ చేసి మేనేజర్ అని చెప్పు. ఈ నాలుగు రోజులూ ఆ పని చేశావుగా, అది ఏం పనో నీకు తెలుసు. గంటల సంగతీ జీతం సంగతీ నేను మాట్లాడుకుంటాను. సోమవారం మాత్రం కుదరదు."

ట్రెంట్ గొంతు సవరించుకున్నాడు. "అలాగే. నిజం చెప్పాలంటే రే, ఆ వల్లబీలు..." అని ఆగిపోయాడు. రేలీన్ నవ్వి ఫోన్ పెట్టేసింది.

అది పెట్టీ పెట్టగానే బెవన్.

"విన్నావా? మరిప్పుడు ఎలా వస్తారు?"

"బస్సులున్నాయి. రైళ్లున్నాయి. చివర్లో ఓడ ఉంది. దారిలో మా నది ఒడ్డున నాలుగు రోజులు ఆగుదామంటోంది మీ అమ్మ."

"అమ్మ అంటోందా? అమ్మకివ్వు."

థెల్మా మొలలోతు నీళ్లలో నిలబడి ఉంది. ఇక్కడే కొన్న పసుపుపచ్చ ఈతదుస్తులు, తలమీద పాత టోపీ. ఫోన్ ఎత్తి చూపిస్తే, తర్వాత అన్నట్టు చెయ్యి ఊపింది.

"ఆవిడ పనిలో ఉంది," అంది రేలీన్.

బెవన్ నిట్టూర్చాడు. వెనకాల పెనం మీద ఏదో మాడుతూ చిటపటలాడడం వినిపించింది. "సరే. ఎప్పటికొస్తావో అదైనా చెప్పు."

ఏ విమానం ఎప్పుడొస్తుందో, ఎవరి పెట్టె ఎప్పుడందుతుందో, భోజనం ఎన్నింటికో, గుర్రపు రేసుల కాగితం ఎక్కడుందో, అడిగినవాళ్లందరికీ పంతొమ్మిదేళ్లుగా, ముప్పై రెండేళ్లుగా ఠక్కున చెప్పిన మనిషి. అలవాటుకొద్దీ మనసు రోజులు లెక్కపెట్టబోయింది. ఆమె ఆపింది.

"తెలీదు, బెవన్," అంది. ఆ మాట నోట్లో ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలీదు.