జేబున్న గిన్నెబొంత

"ఆ మసిగుడ్డలు ఇంకా అవలేదా?" అన్నాడు వెండెల్, బూట్లకు పట్టిన మంచు గుమ్మం దగ్గర దులుపుకుంటూ.

మసిగుడ్డలు అనడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడు. అతని భార్య ఆర్లిస్ కుట్టేవి గిన్నెబొంతలు. ఓవెన్‌లోంచి తీసిన హాట్‌డిష్‌ను గిన్నెతో సహా అందులో పెట్టి, రెక్కలు నాలుగూ మడిచి, కర్రపిడులు రెండూ కలిపి పట్టుకుంటే, మంచులో చర్చి దాకా తీసుకెళ్ళినా ఆ వంటకంలోని మాంసమూ చిక్కుడూ పొగలు కక్కుతూనే ఉంటాయి. లోపల పత్తి దూదే పరవాలి. చవక కదా అని పాలిస్టర్ పెడితే వేడికి కరిగి గిన్నె అడుగుకు అంటుకుంటుంది. ఆ సంగతి ఆర్లిస్ చెయ్యి కాల్చుకుని నేర్చుకుంది. చావుకైనా పెళ్ళికైనా చర్చి కింది హాలులో బల్ల మీదకు చేరే గిన్నెల్లో సగం ఆమె బొంతల్లోనే వస్తాయి. ఆమెను అడిగి తీసుకున్నవాళ్ళు తక్కువ. వెండెలే పంచిపెడతాడు. "తీసుకోండి, మా ఆవిడకు వేరే పనేముంది, చలికాలం పొద్దుపోవాలిగా" అంటాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు, చర్చిలో గిన్నె ఎవరిదో తెలిసేలా అడుగున తెల్లటి పట్టీ అంటించి దాని మీద ఏం రాయాలో చెప్పింది. "వెండెల్ భార్య అని రాయి. నీ పేరు రాస్తే ఎవరికి తెలుస్తుంది?" ఆర్లిస్‌ది ఎడమచేతి వాటం. ఆమె కుట్లు అందరి కుట్లకూ ఎదురుగా వాలి ఉంటాయి. దానికీ అత్తగారు ఊరుకోలేదు. "ఈ పిల్ల కుట్టిన బొంత కప్పుకుంటే నిద్ర కూడా వంకరగానే పడుతుంది" అని భోజనాల దగ్గర అందరినీ నవ్వించింది. వెండెల్ కూడా నవ్వాడు. అప్పుడు ఆర్లిస్ కూడా నవ్వింది.

ఈ శీతాకాలం మొదట్లో టౌనులో గుడ్డలకొట్టు నడిపే లవాన్ ఫోన్ చేసింది. "మంగళవారాలు వచ్చి మా దగ్గరి ఆడవాళ్ళకు నేర్పవా? నీ చేతి పని నాకు తెలుసు." ఆ మాట ఇంట్లో చెబితే వెండెల్ ముందు తన భోజనం సంగతి అడిగాడు. తర్వాత, "మసిగుడ్డ కుట్టడం కూడా ఒకరు నేర్పాలా?" అన్నాడు. ఆలోచించుకుని చెబుతానంది ఆర్లిస్, లవాన్‌తో.

ఆ వారమే ఊళ్ళో ముసలి సెల్మర్ పోయాడు. అంత్యక్రియల భోజనానికి ఆర్లిస్ హాట్‌డిష్ చేసి, ఎప్పుడో తనకని కుట్టుకున్న బొంతలో పెట్టింది. అది వెండెల్ పాత చొక్కాతో చేసింది. ఎర్రగళ్ళ ఉన్ని చొక్కా, ఎన్నో కోతలకు తొడుక్కున్నది. జేబు విప్పకుండా ముందువైపుకు వచ్చేలా కత్తిరించింది, వడ్డించే గరిటె పెట్టుకోవడానికి. ఆ జేబు అడుగున అతని పెన్ను కారిన నీలిమరక ఇప్పటికీ ఉంది. పిడుల కర్రలు విరిగిన పారవి. ఆమె అడిగితే విసుక్కుంటూ అతనే కోసిచ్చాడు. అంతా సర్ది, పట్టీ చేతిలోకి తీసుకుని, ఎందుకో ఆగింది. పట్టీ అంటించలేదు. భోజనాలయ్యాక గిన్నె అక్కడే వదిలేసి వచ్చింది. అది తన పనేనని ఒక్కరు పోల్చుకున్నా చాలు, లవాన్‌కు రానని చెప్పేద్దాం అనుకుంది.

హాలులో కాఫీ డ్రమ్ము పక్కన మరిచిపోయిన గిన్నెల బల్ల ఒకటుంది. ప్రతి ఆదివారమూ ఆర్లిస్ కప్పులు కడుగుతూ ఆ బల్ల వైపు చూసేది. ఆమె కుట్టిన బొంతలు మోసుకొచ్చిన చేతులే ఆ ఎర్రగళ్ళ బొంతను ఎత్తి చూసి, మళ్ళీ పెట్టేశాయి. ఆమె బొంతే వాడే జెనీవ్ అయితే, "ఎవరిదోనమ్మా ఇది, కుట్టు భలే గట్టిగా ఉంది, నీకేమైనా తెలుసా?" అని ఆమెనే అడిగింది. ఆర్లిస్ తల అడ్డంగా ఊపింది. ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళిన తన చేతిపనిని ఒక్క ఇంట్లో కూడా గుర్తుపట్టరన్నమాట. కప్పులు కడిగిన నీళ్ళు చల్లారిపోయినా అందులోనే చేతులు పెట్టుకుని నిలబడింది.

చలి విరగకముందే ఒక ఆదివారం, చర్చి పెద్దల మీటింగు ముగించుకుని వచ్చిన వెండెల్ చంకలో ఏదో పెట్టుకొచ్చాడు. బల్ల మీద పెట్టాడు. ఎర్రగళ్ళ బొంత, అందులో ఆమె గిన్నె.

"నీకోసమే తెచ్చా. ఎవరూ తీసుకెళ్ళట్లేదు, పారేస్తామంటుంటే అడిగి తీసుకున్నా. చూడు ఎంత బాగా కుట్టారో. జేబు కూడా పెట్టారు, గరిటెకు కాబోలు." జేబులో రెండు వేళ్ళు పెట్టి, ఆ నీలిమరక మీదుగానే తిప్పి చూశాడు. "బుర్ర ఉన్న మనిషి. చూసి నేర్చుకో, పనికొస్తుంది."

వెండెల్ మైలు దూరాన చప్పుడు విని అది ఎవరి ట్రాక్టరో చెబుతాడు. వెనకనుంచి నడక చూసి ఏ ఆవుకు ఏ కాలు నొప్పో చెబుతాడు. కళ్ళకూ చెవులకూ లోటు లేదు. ఆర్లిస్ నోటిదాకా వచ్చింది మాట. చెబితే నవ్వేస్తాడు, "ముందే చెప్పొచ్చుగా" అంటాడు, తప్పు ఆమెదే అవుతుంది. అదేమంత కష్టం కాదు, అలవాటే. కానీ చెప్పి తెలియజేసుకోవడం ఈసారి ఆమెకు వద్దనిపించింది. ఒకే మంచంలో ఇన్నేళ్ళు ఎవరి పక్కన ఎవరు పడుకున్నట్టు? అతను కాఫీ అడిగాడు. పోసింది. తర్వాత పక్కగదిలోకి వెళ్ళి లవాన్‌కు ఫోన్ చేసింది.

మంగళవారం పొద్దున ఆర్లిస్ కోటు తొడుక్కుని పికప్ బండి తాళాలు తీసుకుంటుంటే వెండెల్ పేపరు దించాడు.

"ఎక్కడికి?"

"టౌనుకు. లవాన్ కొట్టుకు. ఇకనుంచి ప్రతి మంగళవారమూ."

"మరి నా భోజనం?"

"బల్ల మీద ఉంది. మధ్యాహ్నం దాకా వేడి తగ్గదు."

అతను బల్ల వైపు చూశాడు. ఎర్రగళ్ళ బొంత నాలుగు రెక్కలూ మడుచుకుని ఉంది, జేబులోంచి గరిటె పైకి కనిపిస్తోంది. పేపరు మళ్ళీ ఎత్తుతూ అడిగాడు.

"ఇంతకీ అది ఎవరిదో తెలిసిందా?"

"తెలిసింది" అని, ఆర్లిస్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.