విషాల ఫోను దగ్గర నదీన్

గుడ్డు, బంగాళాదుంప, పచ్చిమిర్చి కూర చుట్టిన రొట్టెను రేకు కాగితంలోంచి సగం బయటికి తీసి, రెండో ముక్క కొరికిందో లేదో నదీన్ ట్రుహీయో ఎదుట ఫోను మోగింది. పొద్దున్నుంచి అది ఏడోది. ముక్కను బుగ్గన పెట్టుకుని మైకును నోటి దగ్గరికి లాక్కుంది.

"విష సహాయ కేంద్రం. నా పేరు నదీన్. చెప్పండి."

డెన్వర్‌లోని ఆ మూడో అంతస్తు గదిలో ఇరవై ఏడేళ్లుగా ఆమె చెబుతున్న మాట అది. అరవై నాలుగేళ్ల నర్సు. పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు కనుక కింద పాత వైద్య నిఘంటువొకటి వేసుకుంటుంది. మెడలో పూసల గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. భర్త రేమండ్ కొండ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. అతను పోయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. రాష్ట్రమంతటా ఆమె గొంతు విని ఊపిరి పీల్చుకున్న తల్లులు వేలమంది ఉంటారు. బజార్లో ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్లు ఒక్కరూ లేరు. అదొక లోటని ఆమెకెన్నడూ తోచలేదు.

మొదట్లో ఎక్కువగా బట్టల సబ్బు మింగిన పసివాళ్ల కోసం, అడవి పుట్టగొడుగులు వండుకున్నవాళ్ల కోసం ఫోన్లు వచ్చేవి. గంజాయిని చట్టం ఒప్పుకున్నాక, అది కలిపిన జెల్లీ బిళ్లల ఫోన్లు మొదలయ్యాయి. పిల్లలు తినే మిఠాయిల్లాగే ఉంటాయవి. పసివాళ్లు తిన్నారు, కుక్కలు తిన్నాయి, ఒక పాస్టరు గారూ తిన్నారు. మునుపటికంటే మెరుగైంది ఒక్కటే. ఇదివరకు పోలీసుల భయంతో నీళ్లు నమిలేవాళ్లు ఇప్పుడు డబ్బా చేతబట్టుకుని ఎన్ని తిన్నారో, ఎన్ని మిల్లీగ్రాములో చదివి మరీ చెబుతున్నారు.

"అమ్మాయ్, చిన్న సందేహం. గంజాయి తింటే పాడే గొంతు పోతుందా?" అంది అవతల ముసలి గొంతు.

పేరు బ్యూలా హెండ్రిక్స్. డెబ్బై ఎనిమిదేళ్లు. కొండ మీద ఊరు. కోడలు నిద్ర కోసం దాచుకున్న బిళ్లల్ని దగ్గు బిళ్లలనుకుని నాలుగు చప్పరించింది. అరగంటయింది. పదకొండింటికి చర్చిలో పాటల సాధన. ఇద్దరు నేస్తాలను కారెక్కించుకుని ఘాట్ రోడ్డు దిగాలి.

బిళ్లకు పది మిల్లీగ్రాములు. నదీన్ రొట్టెను పక్కకు నెట్టేసింది.

"గుండె జబ్బేమైనా ఉందా? మందులేం వాడతారు?"

"బీపీ బిళ్లొకటే. గుండ్రాయిలా ఉన్నాను తల్లీ. అదేం ఎక్కలేదు."

"ఇప్పుడే ఎక్కదండీ. కడుపులోకి పోయింది కదా, గంటకో రెండు గంటలకో లేస్తుంది. సరిగ్గా మీరు మలుపుల్లో ఉన్నప్పుడు. కారు తాళాలెక్కడ?"

"చేతిలో."

"ఫ్రిజ్‌లో పాల డబ్బా వెనక పెట్టేయండి."

"యాభై ఏళ్లుగా నడుపుతున్నా. కారు మీద ఒక్క గీత పడలేదు. నువ్వెవరివమ్మా నాకు చెప్పడానికి?"

నదీన్ మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మా ఆయన ఆ రోడ్డు మీదే మంచు తోసేవాడు బ్యూలా గారూ. లోయలోంచి ఎందర్నో పైకి లాగాడు. అందరూ బాగానే ఉన్నామనుకుని బయల్దేరినవాళ్లే. మీ పక్కన ఇద్దరుంటారు కదా?"

అవతల చెప్పులు ఈడ్చిన చప్పుడు. తరవాత ఫ్రిజ్ తలుపు మూసిన శబ్దం వినబడింది.

"పెట్టాను," అంది బ్యూలా చిన్నబోయి. "మరి నా పాట?"

"నేస్తాల్నే మీ ఇంటికి రమ్మనండి. మీరొక్కరే ఉండకూడదు. గంటగంటకీ నేను ఫోన్ చేస్తా."

పదకొండింటికి బ్యూలా, గోడ కాగితం మీది పువ్వులు ఊపిరి పీలుస్తున్నాయని చెప్పింది. నేస్తం ఓపల్ చేత నాడి లెక్కపెట్టించింది నదీన్. తొంభై ఆరు. ఫరవాలేదు. పన్నెండింటికి గుండె దడగా ఉందని ఏడ్చింది. ఓపల్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది, నదీన్ ఫోను పెట్టలేదు. ఒంటిగంటకు ఫోనెత్తగానే అవతల ఒకటే నవ్వులు. పాటల బృందం తొమ్మిది మందీ కూర గిన్నెలతో సహా దిగిపోయారు.

"మాట్లాడకు. విను," అంది బ్యూలా.

పాట మొదలైంది. బ్యూలా అందరికంటే సగం తాళం వెనక వస్తోంది గాని గొంతు గంటలా ఉంది. నదీన్ స్పీకరు నొక్కింది. పక్క బల్లల వాళ్లు తలలెత్తారు. రెండో చరణం దగ్గర ఆమె పాదం నిఘంటువు మీద తాళం వేసింది. మూడో చరణానికి నోరు ఊరుకోక తనూ గొంతు కలిపింది.

పాట ఆగింది.

"ఆ కింది స్వరం ఎవరిదే?"

"నాదే."

"గంజాయి తిన్నది నేను తల్లీ, అపస్వరం నీదా!"

అక్కడ తొమ్మిది మంది, ఇక్కడ ఐదుగురు పగలబడి నవ్వారు. నదీన్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

మూడింటికి డ్యూటీ అయిపోయింది. ఉద్యోగంలో అదే ఆమె ఆఖరి రోజు. ఎవరికీ చెప్పనని, కేకు తెప్పించనని మేనేజరు చేత ముందే ఒట్టు వేయించుకుంది, కనుక మరెవరికీ తెలియదు. చల్లారిన రొట్టె తినేసి, మెట్లు దిగి, ఆ పాటనే కూనిరాగం తీస్తూ పదిహేనో నంబరు బస్సెక్కింది.

సాయంత్రం డ్యూటీ నర్సు వచ్చి కూర్చునేసరికి ఫోను పక్కన పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. "ఆరింటికి బ్యూలా గారికి ఫోన్. రేపు ఉదయం దాకా కారు తియ్యనివ్వద్దు. నిన్ను పాడమంటుంది. పాడు." చివరి మాట కింద నదీన్ రెండు గీతలు గట్టిగా గీసింది.