శౌరమ్మ భుజాన ఎండ

దేశంలోని వాతావరణాలన్నీ కలిసే సభకు రెంటచింతల ఎండను చేర్చే పని గాదె శౌరమ్మకు అప్పజెబుతారు. పాతికేళ్ళుగా ఊళ్ళో ఉష్ణోగ్రత చూసి రాసేది ఆమే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు. రోహిణి కార్తెలో ఒక మిట్టమధ్యాహ్నం ఆమె వీధిలోకొచ్చి, మిరపకాయలు ఆరబోసిన పట్టాను చుట్టినట్టు ఎండను ఆ చివరి నుంచి ఈ చివరికి చుట్టి, తాడేసి కట్టి, భుజానికెత్తుకుంటుంది. ఊరు ఒక్కసారిగా చల్లబడుతుంది. జనం గుమ్మాల్లోకొచ్చి, చెమట పట్టని తమ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటారు.

"జాగర్త వదినా," అంటాడు మరిది చిన్నపరెడ్డి. "నలభై ఏడు డిగ్రీలు. దార్లో ఒక్కటి తగ్గినా ఎండల ఊరన్న పేరు ఇంకెవురో పట్టుకుపోతారు."

"నా భుజం మీదుండగా యాడ తగ్గుద్ది?" అంటుంది శౌరమ్మ.

ఆ ఎండే పదేళ్ళ కిందట మిరప చేలో ఆమె అక్కను వడదెబ్బ కొట్టి తీసుకుపోయింది. అందుకే ఆమెకు దాని మీద ప్రేమ లేదు. కానీ ఎవరైనా దాన్ని తక్కువ చేసి మాట్లాడితే మాత్రం ఊరుకోదు.

సభ జరిగేది ఒక రైలు చివరి పెట్టెలో. రైలు కదలదు. దేశం ఎంత పొడవో అదీ అంతే పొడవు కాబట్టి పెట్టెల్లోంచి నడుచుకుంటూ పోవాలి.

మేఘాలయ పెట్టెలో మోకాల్లోతు నీళ్ళు. వెదురు గొడుగు వీపుకు తగిలించుకున్న ముసలమ్మ సీటు మీద కూర్చుని, "మా వాన ఆగడం మా అమ్మమ్మ కూడా చూళ్ళేదు," అని చెబుతుంది. ఎడారి పెట్టెలో తలపాగా పెద్దాయన ఇసుక తుఫానును మేకపిల్లలా ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నాడు. శౌరమ్మ భుజం మీది మూట చూసి లేచి నిలబడి దణ్ణం పెడతాడు. ఎండ తెలిసిన మనిషి పెట్టిన దణ్ణం అది. శౌరమ్మ నడక మారిపోతుంది.

ఆ పక్క పెట్టె లడాఖుది. తలుపు మంచుకు బిగుసుకుపోతే భుజంతో నెట్టుకుని లోపలికి వెళుతుంది. దోల్మా అనే బాలింత అప్పుడే పుట్టిన ఆడపిల్లను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. పిల్ల నోరు తెరిచే ఉంది. ఏడుపు మాత్రం నోటికి జానెడు దూరంలో, గాజుముక్కలా గడ్డకట్టి గాల్లో నిలిచిపోయింది.

"అది కరిగితేనే పిల్ల ఊపిరి తీసుకుంటుంది," అంటుంది దోల్మా. ఏ భాషలో అంటుందో గానీ శౌరమ్మకు పల్నాటి తెలుగులోనే వినబడుతుంది. "మా చలి చానా గొప్పదక్కా. ఈ పని మాత్రం దానికి రాదు."

శౌరమ్మకు చిన్నపరెడ్డి గుర్తొస్తాడు. ఊరు గుర్తొస్తుంది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమె తాడు ముడిని పంటితో విప్పుతుంది.

రెంటచింతల మిట్టమధ్యాహ్నం మిరప ఘాటుతో సహా పెట్టెలోకి ఒలుకుతుంది. గడ్డకట్టిన ఏడుపు ముందు ఒక్క చుక్క రాలుతుంది. ఆ వెంటనే ధార కడుతుంది. పిల్ల ఎర్రబడి పెట్టె అదిరేలా కేరుమంటుంది. దాని వెంటే అక్కడ ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మాటలన్నీ కరుగుతాయి. జనం ఎప్పటివో పలకరింపులకు ఇప్పుడు బదులు చెప్పుకుంటారు.

టీసీ వచ్చి మూటలో థర్మామీటరు దూర్చి చూస్తాడు. "నలభై మూడు. తగ్గిందమ్మా."

"తగ్గలేదయ్యా. నాలుగు డిగ్రీలు ఆ పిల్ల కాడున్నయ్యి, చూసుకోపో."

అతను థర్మామీటరును పిల్ల నుదుటి మీద ఆనించి చాలాసేపు చూసి, టోపీ తీస్తాడు. "పుట్టిన ఊరు ఏమని రాయమంటారు?"

దోల్మా తన ఊరి పేరు చెబుతుంది. శౌరమ్మ మెడ నిటారుగా నిలిపి తన ఊరి పేరు చెబుతుంది. అతను రెండూ రాస్తాడు.

పిల్ల ఏడుపు విని, కిటికీ బయట మంచుకొండ మీదికి బంగాళాఖాతం ఎక్కి వస్తోంది. ఒక చేత్తో కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో చేపలు జారిపోకుండా అదిమిపట్టుకుని, ఆయాసపడుతోంది. పెట్టె దగ్గరికొచ్చి తల వంచి తొంగిచూస్తుంది.

"ఆడపిల్లా?" అని అడుగుతుంది.

శౌరమ్మ పక్కకు జరిగి చోటిస్తుంది. సముద్రం కూర్చుని, చేతులు చీర చెంగుకు తుడుచుకుని, పిల్ల కోసం రెండు చేతులూ చాస్తుంది.