ఇలా ఇవ్వండి, పట్టుకుంటాను

జక్కయ్య ఈసారి వెనకనుంచి వచ్చాడు.

అమలమ్మ పొయ్యి ముందు నిలబడి ఉప్మా కలుపుతోంది. భుజం మీంచి ఏటవాలుగా వేసుకున్న నల్ల సంచి ఆమె పొట్ట మీద ఆనుకుని ఉంది. జక్కయ్య మునివేళ్ళ మీద, గోడవారగా వచ్చి, రెండు వేళ్ళతో జిప్పు కొస పట్టుకున్నాడు. అది కదలకముందే వేడి గరిటె అతని మణికట్టు మీద పడింది.

"అబ్బా!"

"దొంగోడివి అరవకూడదయ్యా. అరిస్తే జనం పోగవుతారు."

అతను చెయ్యి ఊదుకుంటూ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆమె బుగ్గ మీదా, ఉప్మా ఆవిరి మీదా ఒకేలా ఊగుతోంది. జుట్టు నెరిసిన ఇద్దరు మనుషులు ఇంట్లో దొంగాపోలీసు ఆడుకుంటున్నారని పక్కవాటావాళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారో! ఏమనుకున్నా ఇది బాగానే ఉంది అనుకున్నాడు జక్కయ్య. పెళ్ళయిన కొత్తలో కూడా వాళ్ళు ఇన్నిసార్లు ఒకరినొకరు వెనకనుంచి పట్టుకోలేదు.

ఆ సాయంత్రం అమలమ్మ రోమ్ వెళ్తోంది. ఆమె కాన్వెంటు హాస్టల్లో వంటమనిషి. తన చేతి వంట తిన్న పిల్లలు పెరిగి టీచర్లై, వాళ్ళ పిల్లల్ని అదే హాస్టల్లో చేర్పించేంత కాలంగా అక్కడే వండుతోంది. ఈ వేసవిలో సిస్టర్లు యాత్రకు బయల్దేరుతూ, తమతోపాటు ఆమె పేరు కూడా రాశారు. పోపుగారి గుడి చూడాలని ఆమెకు ఉంది. అంతకంటే పెద్ద కోరిక ఇంకొకటి ఉంది. అది జక్కయ్యకు మాత్రమే చెప్పింది.

"అక్కడ మనం లేచేసరికి ఎవరో వండేసి ఉంచుతారంట. కూర్చుంటే పళ్ళెంలో పెట్టి తెచ్చిస్తారంట. యాత్ర అయ్యేదాకా అంతేనంట." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు గుసగుసలోకి దిగిపోయింది, ఏదో చెయ్యకూడని పని చెయ్యబోతున్నట్టు.

అంతా బాగానే ఉండేది. పెద్ద సిస్టర్ శౌరమ్మగారు పిలిచి ఒక్క మాట చెప్పారు. "అక్కడ సంచులు లాగేస్తారు అమలమ్మా. పాస్‌పోర్టు పోయిందంటే అందరూ గుళ్ళు చూస్తుంటే మనిద్దరం ఆఫీసుల చుట్టూ తిరగాలి. సంచి నీ ఒంట్లో భాగం అనుకో."

ఆ రోజు నుంచి అమలమ్మకు నిద్ర తగ్గింది, జక్కయ్యకు పని పెరిగింది. వన్ టౌన్‌లో ఓ ధనియాల గోడౌన్లో అతను గోనెసంచుల మూతులు కుడతాడు. సంచి విషయంలో భార్యకు తనకంటే ఎవరు సాయం చేయగలరు? మొదటి రోజే ఉత్సాహం పట్టలేక, కొత్త నల్ల సంచి జిప్పును పురికొసతో ఈ చివర నుంచి ఆ చివరిదాకా కుట్టేశాడు. ముడి కూడా లారీ మీద గుంటూరు దాకా వెళ్ళినా ఊడని ముడి. అమలమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "దొంగలకి రాదు, సరే. మరి పాస్‌పోర్టు ఎలా పెట్టనయ్యా?" అంది. ఇద్దరూ కూర్చుని ఆ కుట్టు విప్పుతూ ఒక సాయంత్రమంతా నవ్వుకున్నారు.

తరవాత పద్ధతిగా నేర్పాడు. సంచి ముందువైపుకు, జిప్పు ఒంటివైపుకు. స్కూటర్ల వైపు కాకుండా గోడవైపు భుజానికి. అమలమ్మ అన్నీ నేర్చుకుంది. సందులో వెంబడించాడు, దొరికిపోయాడు. మార్కెట్లో గుద్దుకున్నాడు, మోచేత్తో పొడిచింది.

ఒక్క బస్సులోనే ఓడిపోతోంది.

బస్సులో నిలబడ్డవాళ్ళ సంచి కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవడం ఆమె పుట్టకముందు నుంచీ ఉన్నది. "ఇలా ఇవ్వండి, పట్టుకుంటాను" అనే మాట వినపడగానే ఆమె చేతులు వాటంతట అవే సంచి తీసి ఇచ్చేస్తాయి. ఆదివారం బస్సులో ఎవరో టీచరమ్మకు ఇచ్చేసింది. మంగళవారం జక్కయ్యే ముందుగా ఎక్కి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని సీట్లో కూర్చుని, గొంతు మార్చి అడిగాడు. చక్కగా ఇచ్చి, "జాగ్రత్త బాబూ, అందులో అద్దాలున్నాయి" అని కూడా చెప్పింది. దిగాక అతను తువ్వాలు విప్పితే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిజానికి వాళ్ళ సంసారం మొదలైంది కూడా అలాంటి బస్సులోనే. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు కుట్టడానికి వెళ్ళిన కుర్ర జక్కయ్య, తిరుగు బస్సులో తన టిఫిన్ క్యారియర్ ఒక అమ్మాయి ఒళ్ళో పెట్టాడు. ఆ అమ్మాయి దాన్ని రెండు చేతులా కావలించుకుని నిద్రపోయింది. బెల్లపు వాసన వేసే గాలికి ఆమె నుదుటి మీద వెంట్రుకలు లేస్తున్నాయి. అడిగితే లేస్తుందని, లేపితే ఆ నిద్ర చెడుతుందని, అతను దిగాల్సిన చోట దిగలేదు. పిల్లలు పుట్టలేదు. క్యారియర్ కథ మాత్రం ఇద్దరి మధ్యా బిడ్డలా పెరిగింది. ప్రతి ఏడాదీ దానికి ఏదో ఒక కొత్త ముచ్చట చేరేది.

ఉప్మా పళ్ళెం అతని ముందు పెట్టి, అమలమ్మ మెల్లగా అంది.

"ఈ రోజు గన్నవరం బస్సెక్కుతాం గదా. అందులో గనక సంచి ఎవరికన్నా ఇచ్చేశాననుకో, సిస్టర్‌గారికి దణ్ణం పెట్టేసి నీతో వచ్చేస్తాను."

"అదేం మాట? నేను పక్కనుండి చెప్తాలే."

"నువ్వు చెప్పకూడదు. అక్కడ నువ్వుండవుగా."

జక్కయ్య ఉప్మా గబగబా ముగించి చొక్కా తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం దాకా గోడౌన్‌కు వెళ్ళొచ్చాడు. ఇంట్లో ఉంటే గడియారం చూడటం తప్ప వేరే పని లేదు. దబ్బనం గోనెలోకి దిగి పైకి లేస్తోంది. అతని చూపుడువేలు పురికొస రాపిడికి మధ్యలో నొక్కుకుపోయి ఉంటుంది. ఎండపొడలో ధనియాల దుమ్ము బంగారంలా తేలుతోంది. ఆ దుమ్ములోనే అతనికి రోమ్ కనిపించింది. ఎక్కడ చూసినా నీళ్ళు చిమ్మే రాతిబొమ్మలు, వాటి మధ్య వన్ టౌన్ సందులు, సందుల నిండా తోపుడుబళ్ళు, బళ్ళ మధ్య తెల్లటి చీర కట్టుకుని సంచి హత్తుకుని నడిచే అమలమ్మ. వెనక ఎవరో. ఎవరి చేతులో. ఉలిక్కిపడితే దబ్బనం బొటనవేలిని తాకింది.

గోడౌన్ గుమస్తా లక్ష్మీకాంత్ ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బాబాయ్, ఇంకో వీడియో దొరికింది. మన భుజం మీద ఐస్‌క్రీం ఒలకబోస్తారంట. అయ్యయ్యో అని వాళ్ళే తుడుస్తారంట. తుడిచేలోపల సంచి మాయం."

"ఐస్‌క్రీం ఒలికితే మా ఆవిడే వాళ్ళకి గుడ్డ ఇస్తుందిరా. అదీ నా భయం."

"అయినా రోజూ పోపు పెట్టే పిన్ని పోపుగారి ఊరికి పోతుంటే నీకెందుకు బాబాయ్ ఇంత మాడు వాసన?"

గోడౌన్ అంతా నవ్వింది. జక్కయ్య కూడా నవ్వాడు. తరవాత కుట్టిన సంచికి ముడి వెయ్యడం మర్చిపోయి ఇంకో సంచి అందుకున్నాడు. లక్ష్మీకాంత్ అది చూశాడు. తనే ముడి వేసి, "వెళ్ళు బాబాయ్, ఇక వెళ్ళు" అన్నాడు.

పెట్టె పొద్దున్నే హాస్టల్ వ్యాన్లో వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బస్సెక్కేసరికి ఎండ పసుపు రంగుకు తిరుగుతోంది. ఆడవాళ్ళకు టిక్కెట్టు తీసేసినప్పటి నుంచీ ముందువైపు ఇసకేస్తే రాలనంత రద్దీ. "నువ్వు ఎనక్కి పో" అంది అమలమ్మ. జక్కయ్య వెనక మగవాళ్ళలో కలిసిపోయి, కడ్డీ పట్టుకుని, తలల మధ్య ఖాళీలోంచి ఆమె తెల్ల చీర కొంగు మీద చూపు నిలిపాడు.

బస్సు కదిలింది. మొదటి మలుపులోనే అమలమ్మ తూలింది. పక్క సీట్లో ముక్కుపుడక పెట్టుకున్న పెద్దావిడ తల ఎత్తి చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండమ్మా, పట్టుకుంటాను."

అమలమ్మ చెయ్యి భుజం మీది పట్టీ కిందికి వెళ్ళింది. పట్టీ పైకి లేచింది. జక్కయ్య నాలుక చివరిదాకా ఆమె పేరు వచ్చింది. పిలిస్తే వినపడుతుంది. పిలవకపోతే ఇంకాసేపట్లో ఇద్దరూ ఇదే బస్సులో వెనక్కి వస్తారు, రాత్రికి చారు కాచుకుంటారు, ఆమె మంచం ఖాళీగా ఉండదు. అలా అనుకోగానే లోపల ఎక్కడో చల్లగా హాయిగా అనిపించింది. ఆ హాయికి అతనికే సిగ్గేసింది. పళ్ళెంలో పెట్టి తెచ్చిస్తారంట, అన్న గుసగుస గుర్తొచ్చింది. ఇచ్చెయ్యకే, ఇచ్చెయ్యకే అమలా, అని కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు.

పట్టీ మళ్ళీ భుజం మీదికి దిగింది.

"పర్లేదండీ. ఉండనివ్వండి."

"బరువుగా ఉంది గదమ్మా. నేనేమన్నా ఎత్తుకుపోతానా?"

పెద్దావిడ నవ్వుతూనే అంది. చాచిన చెయ్యి మాత్రం కాస్త ఆలస్యంగా ఒళ్ళోకి వెళ్ళింది. అమలమ్మ చెవులు ఎర్రబడటం జక్కయ్యకు అంత దూరం నుంచీ కనిపించింది. ఆమె తల తిప్పి అతని కోసం వెతికింది. గెలిచిన ముఖం కాదు అది. ఎవరింటికో వెళ్ళి వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగకుండా వచ్చేసిన ముఖం.

బెంజ్ సర్కిల్ దగ్గర పెద్దావిడ పక్కసీటు ఖాళీ అయింది. అమలమ్మ కూర్చుంది. తరవాతి స్టాపులో ఒక కాలేజీ పిల్ల ఎక్కింది. పుస్తకాల సంచి, దాని మీద డ్రాయింగు బోర్డు, నుదుటి నిండా చెమట. అమలమ్మ అటు చూసింది. ఇటు చూసింది. తన నల్ల సంచిని ఇంకాస్త దగ్గరకు లాక్కుని, మోకాళ్ళు సర్దుకుంది.

"అమ్మాయీ, ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటా."

ఆ పిల్ల ముఖమైనా చూడకుండా అంతా ఆమె ఒళ్ళో పడేసి రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. అమలమ్మ నల్ల సంచి వాటన్నిటి అడుగున, ఆమె పొట్టకు ఆనుకుని, ఎవరికీ కనపడకుండా పోయింది. డ్రాయింగు బోర్డు జారబోతే పెద్దావిడ దాని రెండో కొస పట్టుకుంది.

"చర్చిలో పెళ్ళికి వెళ్తున్నారా అమ్మా? తెల్ల చీర కట్టారు" అని అడిగింది పెద్దావిడ.

"రోమ్ వెళ్తున్నానండీ."

"ఏ బస్సు మారాలో తెలుసా మరి?"

అమలమ్మ పకపకా నవ్వింది. ఎందుకో అర్థంకాకుండానే పెద్దావిడా నవ్వింది, డ్రాయింగు బోర్డు మీద రెండు జతల చేతులూ అదిరాయి. వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డ జక్కయ్యకు ఆ నవ్వు వినపడింది, మాటలు వినపడలేదు. అతనికి మాటలతో పనిలేకపోయింది. బయట మామిడి తోటలు, ఇటుక బట్టీలు, తాటిచెట్లు నీళ్ళలో నీడల్లా కదిలిపోతున్నాయి. గన్నవరం రాకుండా ఈ రోడ్డు ఇలా సాగుతూనే ఉంటే బాగుండును అనుకున్నాడు.

గన్నవరం వచ్చింది.

విమానాశ్రయం దారి మొదట్లో ఒకామె చెట్టు కింద తాటికాయలు కొడుతోంది. అమలమ్మ ఆగింది. "అక్కడ ఇవి దొరకవుగా" అంది. తాటాకు దొన్నెలో నాలుగు ముంజెలు. ఇద్దరూ నడుస్తూనే తిన్నారు. ముంజె నీళ్ళు ఆమె గడ్డం మీద కారితే జక్కయ్య తువ్వాలుతో తుడిచాడు. దారిలో అతను చెప్పిన వీడియో ముచ్చట గుర్తొచ్చి ఆమె వెంటనే అరచేత్తో సంచి మూసి, "ఐస్‌క్రీం దొంగా" అంది.

గాజు తలుపుల ముందు సిస్టర్లు బారుగా నిలబడి ఉన్నారు. శౌరమ్మగారు కాగితాలు పంచుతూ, "జక్కయ్యా, ఇక ఇక్కడి నుంచి లోపలికి మేమే. మీ ఆవిణ్ణి భద్రంగా తెస్తాం, సరేనా?" అన్నారు.

"మీరు కూడా జాగ్రత్తండీ సిస్టర్‌గారూ. జిప్పు ఒంటివైపుకు తిప్పుకోండి." ఆవిడ కూడా అతను చెప్పినట్టే బుద్ధిగా తిప్పుకున్నారు.

వరస కదిలింది. గుమ్మం దగ్గర పోలీసు పాస్‌పోర్టు అడిగాడు. అమలమ్మ చేతిలో దొన్నె ఉంది. "ఒక్క నిమిషం పట్టుకోవయ్యా" అని వెనక్కి చూడకుండా చాచింది. జక్కయ్య అందుకున్నాడు. ఆమె జిప్పు తీసింది, పాస్‌పోర్టు చూపించింది, మళ్ళీ లోపల పెట్టింది, జిప్పు వేసింది, వేసిందో లేదో వేలితో తడిమి చూసుకుంది. అంతా అతను నేర్పినట్టే. ఆ ధ్యాసలోనే రెండడుగులు ముందుకు వేసింది. గాజు తలుపులు వాటంతట అవే దగ్గరకొచ్చాయి. అవతల ఆమె తిరిగి చెయ్యి ఊపింది, లేదా గాజులో ఎండ ఊగింది.

జక్కయ్య చాలాసేపు అక్కడే నిలబడి, తరవాత నడిచి వచ్చి బస్సెక్కాడు. చోటు దొరికింది. దొన్నెను ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ రెండు చేతులూ వేసుకున్నాడు.

ఆకులో ఇంకా ఒక్క ముంజె మిగిలి ఉంది, ఎవరూ కొరకనిది, బస్సు కదిలినప్పుడల్లా లోపలి నీళ్ళతో సన్నగా వణుకుతూ.